సారు ఆ మాట చెప్పలేదు

మొయినాబాద్‌లో ఉండే సారు పోయిన శుక్రవారం పొద్దున కాలం చేశారు. స్నానానికి నీళ్లు పెట్టుకుని, అవి కాగేలోపల కాసేపు కుర్చీలో కూర్చున్నారట. కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. నాకు కబురు రెండు రోజుల తర్వాత తెలిసింది. చేవెళ్ల మార్కెట్లో టమాటా డబ్బాలు దించుతుంటే ఎవరో ఎవరితోనో అంటుంటే చెవిన పడింది. అప్పటికే దహనం అయిపోయింది. నాకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? మూడేళ్లుగా నేను ఆయన గడప తొక్కలేదు.

నేను ఎంకపల్లి వాణ్ణి. ఐదో తరగతి దాకా చదివాను, అదీ గట్టిగా కాదు. ఈ నాలుగు ముక్కలు ఇంకొకరితో రాయిస్తే చక్కగా వచ్చేవి. కానీ ఇది నేనే రాయాలి. మా ఊళ్లో ఇప్పటికీ సారు మాటెత్తితే, భూమిలో తీగలు పెట్టి ఒక ఆడమనిషిని చంపాడంటారు. ఆ ఆడమనిషి నా భార్య. ఆ నింద వేసింది నేను. అది అబద్ధం. ముందు అది చెప్పి, తర్వాత ఆయన గురించి చెబుతాను.

సారుది కోస్తా. ముప్పై ఏళ్ల కింద ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. కొలత మిషన్లు చేసే కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. భార్య ముందే పోయింది. ఒక కూతురు, గచ్చిబౌలిలో ఉద్యోగం.

మొదటిసారి చూసినప్పుడు నా చెలక గట్టు మీద, చెవులకు ఏదో తగిలించుకుని, తీగ చుట్టిన చట్రం ఒకటి చేత పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నారు. మా దిక్కు పొలాల్లో అట్లా తిరిగేవాళ్లు రెండే రకాలు. భూమి కొనేవాళ్లు, భూమి గుంజుకునేవాళ్లు. కట్టె పట్టుకునే ఎదురుపోయాను.

"ఏ ఆఫీసు నీది?"

"ఏ ఆఫీసూ లేదండి. కరెంటు లేని చోటు కోసం వెతుకుతున్నాను."

"పదేండ్ల కింద రావాల్సుండె. అప్పుడు ఊరు ఊరంత గట్లనే ఉండె" అన్నాను.

ఆయన పడిపడి నవ్వారు. నవ్వినందుకు కూర్చోమన్నాను.

అప్పుడు చెప్పారు. లోకంలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ మెరుపులు మెరుస్తూనే ఉంటాయట. ఆ మెరుపులకు నేలకూ పైనున్న ఆకాశపు పొరకూ నడుమ అలలు పుట్టి భూగోళం చుట్టూ తిరుగుతాయట. అన్నీ కలిసి భూమి మోగుతున్నట్టే ఉంటుందట, సెకనుకు ఎనిమిది సార్లకు జర తక్కువ. చెవికి అందదు. మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నది. దగ్గర్లో కరెంటు తీగ ఉంటే ఆ హోరులో మునిగిపోతుంది. జాతరలో నిలబడి పసిపిల్ల ఊపిరి వినాలన్నట్టు ఉంటుందన్నారు. విని ఏం చేస్తావని అడిగాను. నలభై ఏళ్లు మిషన్ల మోతే విన్నాననీ, పోయేలోపల ఇది కూడా వినాలని ఉందనీ అన్నారు. అంత సూటిగా జవాబు చెప్పేవాళ్లు నాకు నచ్చుతారు.

దూరపు చెలకలో బోరు ఎండిపోయి, తీగలు పీకేసిన మూల ఒకటి ఉన్నది. అది చూపించాను. కిరాయి ఎంత ఇవ్వమంటారని అడిగితే కోప్పడ్డాను. ఆయన తెచ్చింది మనిషంత పొడుగు ప్లాస్టిక్ పైపు. లోపల ఇనుప కడ్డీలు, పైన వెంట్రుకంత సన్నని రాగితీగ, వేల చుట్లు. ఒక వానాకాలమంతా ఇంట్లో కూర్చుని తనే చుట్టుకున్నారు. గాలికి కదలకుండా దాన్ని నేలలో పూడ్చాలి. నడుము లోతు గుంత నేనే తవ్వాను. చెరో కొస పట్టుకుని దించుతుంటే మా ఆమె సద్ది తీసుకొచ్చింది. గుంత దిక్కు చూసింది, మా ఇద్దరి దిక్కు చూసింది.

"ఇద్దరు గల్సి ఎవర్ని బొందవెడుతున్రు?" అన్నది.

సారు నవ్వు ఆపుకోలేక, పైపు వదల్లేక నానా తిప్పలు పడ్డారు.

నెల దాటినా ఏమీ వినబడలేదు. ఆయన తెచ్చి తగిలించిన కంప్యూటరు తెర మీద అంతా కరెంటు గీతే. నా ఇంకో బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఉండేది, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు దానంతటదే నడిచేది. అది పీకేశాను. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా మోటారు బంద్. ఆ తర్వాత తెర మీద సెకనుకొక ముల్లు లేవడం మొదలైంది. అది అడవిపందులకు షాక్ కొట్టాలని కంచెకు పెట్టిన ఝట్కా మిషన్ అని కనిపెట్టింది నేను. ఆ రెండు గంటలు దాన్ని కూడా ఆపేశాను. ఒకరోజు పందులు వచ్చి మక్క చేను సగం తొక్కిపోయాయి. సారుకు చెప్పలేదు. చెబితే రావడం మానేస్తారు.

ఒక చలి పొద్దున తెర మీద చిన్న గుట్ట లేచింది. గట్టు మీద గడ్డి దుబ్బంత.  సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇదేనండి" అన్నారు. అంతే. ఇద్దరం ఫ్లాస్కు మూతలో చాయ్ పంచుకుని తాగాము.

ఆయనకు కొన్ని పద్ధతులుండేవి. గట్టు దగ్గరే చెప్పులు విడిచి, జత చేసి పెట్టి లోపలికి వచ్చేవారు. చెప్పులతో నడిస్తే అడుగు గట్టిగా పడి, నేలలో పైపు ఉలిక్కిపడుతుందట. మేమూ విడవడం అలవాటు చేసుకున్నాము. మా బర్రె అటు నడిస్తే తెర మీద తెలిసేది. నోటుబుక్కులో టైము వేసి, పక్కన పెన్సిలుతో 'బర్రె' అని రాసుకునేవారు. నేను లేచి నడిస్తే 'పెద్దాయన' అని రాసేవారు. రెండింటికీ గీతలో పెద్ద తేడా లేదని మా ఆమెకు చూపించి చెప్పారు. ఆమె ఆ మాట ఊరంతా చెప్పి నవ్వింది.

పక్కన ఫామ్‌హౌస్ కట్టిన ఒక ఆసామి ఈ సంగతి తెలిసి వచ్చాడు. సిటీ నుంచి శనివారం శనివారం వచ్చేవాళ్లకు, ఈ నేల మీద పడుకుంటే తలనొప్పులు పోతాయని సారు ఒక్క మాట చెబితే చాలన్నాడు. సారు మర్యాదగా చాయ్ ఇచ్చి పంపేశారు. అతను పోయాక నాతో అన్నారు: "విన్నంతే రాసుకోవాలండి. వినంది కలిపితే ఇక ఈ మిషనెందుకు?"

ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. నాకు ఎక్కలేదు.

మా ఆమెకు ఫిట్స్ వచ్చేవి. ఒకసారి గడప దగ్గర పడి తలకు దెబ్బ తగిలిన నాటి నుంచి మొదలయ్యాయి. సిటీ దవాఖానలో తలకు తీగలు అతికించి, గీతల కాగితాలు ఒక కట్ట ఇచ్చారు. గోలీలు రాశారు. గోలీలతో ఫిట్స్ తగ్గాయి కానీ మనిషి మబ్బుగా అయిపోయింది. నాలుక మడతపడేది. కూర్చున్నచోటే తూగేది. అంత నవ్వించే మనిషి మాట మధ్యలో ఆగిపోయి నా ముఖం చూసేది. అది నేను చూడలేకపోయాను.

గీతలు చదివే మనిషి కదా అని ఆ కాగితాలు సారుకు చూపించాను. తను డాక్టరు కాదని ముందే చెప్పారు. తర్వాత ఒకచోట వేలు పెట్టి, ఇది కళ్లు మూసుకుని నెమ్మదిగా ఉన్నప్పటిదనీ, సెకనుకు ఎనిమిది తొమ్మిది అలలున్నాయనీ అన్నారు.

"మరి భూమిది గూడ ఎనిమిదే అంటివి గదా సారూ?"

"లెక్క దగ్గరగానే ఉందండి. అంతమాత్రాన దానికీ దీనికీ సంబంధం ఉన్నట్టు కాదు. ఉందని ఎవరూ తేల్చలేదు. మీ ఇంటి గడియారం, పక్కింటి గడియారం ఒక్కలాగే కొట్టుకుంటాయి. అది ఆగితే ఇది ఆగదు కదా."

ఆయన చెప్పింది ఇదే. ఒక్క ముక్క తక్కువ చేయలేదు, ఎక్కువ చేయలేదు. నేను మొదటి సగమే విన్నాను. డెబ్బై ఏళ్లు ఆ మట్టిలో బతికినవాణ్ణి, మట్టి సంగతి నాకు ఈయన చెప్పేదేమిటి అనుకున్నాను.

రోజూ పొద్దున మా ఆమెను తీసుకుపోయి, ఉత్త కాళ్లతో ఆ గుంత పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. ఆమెకు బాగుండేది. రెండు నెలలు ఒక్క ఫిట్సూ రాలేదు. అది గోలీల పని. నేను భూమి పని అనుకున్నాను. ఎవరినీ అడగకుండా గోలీలు ఆపేశాను. సారుకు కూడా చెప్పలేదు. ఆమె మబ్బు విడిచి మళ్లీ మాట్లాడింది. సారు గీతకూ బర్రె గీతకూ కూడా తేడా లేదని ఆయన్నే ఆటపట్టించింది. పదకొండు రోజులు నేను గెలిచినట్టే తిరిగాను.

పన్నెండో రోజు ఆ గుంత పక్కనే పడిపోయింది. ఒకటి ఆగకముందే ఇంకొకటి. సారు కారులో వేసుకుని చేవెళ్ల దవాఖానకు, అక్కణ్ణుంచి సిటీకి పోయాము. పరుగులో కూడా ఆయన గట్టు మీద ఉన్న ఆమె చెప్పులు తీసుకున్నారు. లేచాక కాళ్లకు కావాలి కదండీ అన్నారు.

మూడో రోజు డాక్టరు బయటికి వచ్చి, ఆశ లేదన్నాడు. గోలీలు ఎందుకు ఆపారని అడిగాడు. నా బామ్మర్ది నా దిక్కు తిరిగాడు.

"ఎవరు ఆపమన్నరు బావా?"

చుట్టూ ఆమె పుట్టింటి వాళ్లంతా ఉన్నారు. నేను తప్పు చేశానని ఎవరితోనూ ఎన్నడూ అన్నవాణ్ణి కాదు. నా నోరు దానంతటదే కదిలింది.

"సారే చెప్పిండు. భూమి దగ్గర కూసుంటె నయమైతదన్నడు."

ఆయన గోడ దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో ఆమె చెప్పులు. నా ముఖంలోకి చూశారు. ఆ చెప్పులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"తప్పయిపోయిందండి" అన్నారు.

నా అబద్ధాన్ని మోయడానికి అన్నారో, ఆ ఎనిమిది సంగతి నాకు చెప్పడమే తప్పని నిజంగా అనుకున్నారో నాకు తెలీదు. అడగలేదు. ఇక అడగడానికి మనిషి లేడు. రోజూ నన్ను తినేది ఇదే.

ఆ సాయంత్రం ఆమె పోయింది. దినాల నాడు సారు వచ్చి వాకిలి బయటే నిలబడ్డారు. నేను ముఖం తిప్పుకున్నాను. నా బామ్మర్ది ఆయన్ను బస్టాండు దగ్గర ఆపిన కారు దాకా తిట్టుకుంటూ పోయాడు. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి, నేను అట్లా అనలేదని చెప్పలేదు. మోటారు ఇక మామూలుగా నడుపుకోమనీ, తాను రాననీ ఎవరితోనో కబురు పంపారు. అంతే. మూడేళ్లు.

ఎన్నోసార్లు మొయినాబాద్ పోయాను. ఆయన వీధి మలుపు దాకా పోయాను. రేపు చెబుదామని తిరిగి వచ్చాను. నాకంటే ఆరేళ్లు చిన్న, ఎక్కడికి పోతాడులే అనుకున్నాను.

మొన్న ఆయన కూతురు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. నన్ను చూసి దండం పెట్టింది. వాళ్ల నాన్న నా గురించి చాలా చెప్పేవారట. తన పిచ్చి కోసం మోటారు ఆపిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారనేవారట. మరి రావడం ఎందుకు మానేశారని ఆమె అడిగితే, చందనవెల్లి ఫ్యాక్టరీలకు పోయే పెద్ద కరెంటు లైను పొలం పక్కనుంచి వేశారు, ఇక ఏమీ వినబడదు అన్నారట. ఆ లైను వేసింది పోయిన ఏడు. ఆయన మానేసి మూడేళ్లు. ఇంట్లో కూడా నన్ను కాపాడారు.

ఆమె సంచిలోంచి పేపరులో చుట్టిన పొట్లం తీసింది. "నాన్నగారి బీరువాలో ఉందండి. మీకు ఇవ్వాలని పైన రాసి ఉంది. ఏమిటో నాకు తెలీదు."

విప్పకముందే నాకు తెలిసింది. చెప్పులు. మడమ దగ్గర అరిగినవి. ఎడమదానికి పట్టీ తెగితే ఆమె నల్లదారంతో కుట్టుకున్నది, ఆ కుట్టు అట్లాగే ఉన్నది. మట్టి కూడా తుడవలేదు.

ఆ క్షణాన చెప్పాలి. నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో, ఎంతో కృతజ్ఞతగా నన్ను చూస్తున్నది.

"చాయ్ తాగి పో బిడ్డా" అన్నాను.

తాగి వెళ్లింది. అందుకే ఇది రాస్తున్నాను. అమ్మా, ఇది నీ కంట పడితే, మీ నాన్న ఆ మాట చెప్పలేదు. ఆయన విన్నంతే చెప్పారు. వినంది కలిపింది నేను.

ఈ మూడేళ్లు నేను మోటారు మామూలుగా నడపలేదు. ఈ పొద్దున కూడా ఐదింటికి బంద్ పెట్టాను, ఝట్కా మిషన్ ఆపాను. నేలలోంచి పైకి ఉన్న రెండు తీగ కొసలకు వాన పడకుండా కట్టిన కవరు మార్చాను. పైన పెద్ద లైను గుయ్యిమంటున్నది. కింద పైపు ఉన్నది. దాన్ని వినే మనిషి లేడు. గట్టు మీద నా చెప్పులు విడిచి, పక్కన ఆమె చెప్పులు పెట్టాను. ఇంకో జతకు చోటు ఉంచాను. పోయి గుంత పక్కన కూర్చున్నాను, కదలకుండా.