ఆదివారం తీసిన తాళం

తాళాలు బాగుచేసే ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. ఆయనకి ఆదివారం అంటే ఆదివారమే, దేవుడు పని మానమన్న రోజు. పొయ్యి వెలగదు, చీపురు కదలదు, చొక్కా గుండీ ఊడితే సోమవారం దాకా ఊడినట్టే. చర్చిలో సంఘపెద్ద కాబట్టి ఊళ్ళోవాళ్ళ ఆదివారాలు కూడా ఆయనే చూసుకునేవాడు. ఆదివారం చర్చి ముందు సైకిలుకి గాలి కొట్టుకున్నాడని దర్జీని ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే విందుకి, కొన్నాళ్ళు దూరం పెట్టించింది ఆయనే.

ఒక ఆదివారం ఆరాధనకి బయల్దేరుతుంటే స్నానాలగదిలోంచి అత్తగారు పిలిచింది.

"బాబూ, తాళం బిగుసుకుపోయింది."

"రేపు పొద్దున్నే తీసేస్తాను అత్తయ్యా."

భార్య ఆయన వంక చూసింది. "ఏవండీ, అమ్మ షుగరు మనిషి."

"తలుపు కిందనుంచి రొట్టె తోద్దాం. తినడం పని కాదుగా."

ఆ చూపు మారలేదు. కాసేపు ఆలోచించి, నోటితో చెప్పడం కూడా పని కాదని తేల్చుకున్నాడు. కుర్చీ వేసుకుని కూర్చుని, స్క్రూడ్రైవర్ భార్య చేతికిచ్చాడు.

"ఎడమకి తిప్పు. ఆ ఎడమ కాదు."

ఆవిడ స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది. "ఆదివారం దాసీకైనా విశ్రాంతి ఇవ్వాలని బైబిల్లో ఉందని మొన్న మీరే కదా చెప్పారు? నేను దాసీకన్నా తక్కువా?"

లోపల అత్తగారు ధైర్యం కోసం పాట పాడుకుంటోంది. ఆ పాట చరణం మధ్యలో ఠక్కున ఆగిపోయింది. ఆయన ఒక్క దూకులో స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. కుర్చీ ఎగిరిపడింది. చిటికెలో తలుపు తెరుచుకుంది.

"ఏమైంది అత్తయ్యా!"

"తర్వాతి మాట గుర్తు రావట్లేదు బాబూ," అందావిడ.

ఆ సాయంత్రం ఆయన సంఘం ముందు నిలబడి తన తప్పు తనే చెప్పుకున్నాడు. అది దయతో చేసిన పని, తప్పెలా అవుతుందని పాస్టరుగారు ఎంతో నచ్చజెప్పారు. దర్జీ కూడా "పోనివ్వండి పెద్దయ్యా" అన్నాడు. తాళాలాయన వినలేదు. గట్టిగా వాదించి, గెలిచి, తనకి తనే శిక్ష వేయించుకున్నాడు. దర్జీకి వేసిందానికి రెట్టింపు.

మరుసటి ఆదివారం లోపల ప్రభువు బల్ల జరుగుతుంటే ఆయన బయట అరుగు మీద కూర్చున్నాడు. అత్తగారు మెల్లగా వచ్చి పక్కన చేరింది.

"మీరెందుకు వచ్చారు?"

"నన్ను బయటికి తీసి నువ్వు బయట కూర్చుంటే, నేను లోపలెలా కూర్చోను?"

సంచిలోంచి కమలాపండు తీసి ఒలవడం మొదలుపెట్టింది. ఆదివారం తొక్క ఒలవడం పని కిందికి వస్తుందా రాదా అని ఆయన చాలాసేపు ఆలోచించాడు. తర్వాత చెయ్యి చాపాడు.