చావిడి గోడ వెనక మా జేజి విన్న మాట

నిన్న పొద్దున మార్కాపురం నుంచి అన్న ఫోన్.

"జేజి పోయిందమ్మా."

తొంభై దాటిన మనిషే. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నన్ను తిట్టింది కూడా. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

జేజి అంటే మా నాయన తల్లి, చెన్నమ్మ. ఆమె నాకొక్కదానికే, ఒక్కసారే చెప్పిన సంగతి ఇది.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు. త్రిపురాంతకం దగ్గర పల్లె. జేజికి పదకొండేళ్ళు. మూడో తరగతితో బడి మాన్పించారు.

అప్పుడే ఊరి చావిడికి బ్యాటరీ రేడియో వచ్చింది. చుట్టూ మగవాళ్ళే. ఆడపిల్లలు అటు వస్తే కాళ్ళు విరగ్గొడతామనేవారు.

జేజి సాయంత్రాలు పేడగంపతో వెళ్ళి, చావిడి వెనక గోడకు ఆనుకుని వినేది. మద్రాసు నుంచి ఒకామె తెలుగులో పాఠం చెప్పినట్టు మాట్లాడేదట. లోపల ఎవరైనా దగ్గితే చాలు, పేడ ఎత్తుతున్నట్టు కిందికి వంగేది.

ఆ ఎండాకాలం కలరా వచ్చింది.

తాగే నీళ్ళు మరగబెట్టుకోమని రేడియోలో ఆమె చెప్పింది. చావిడిలో మగవాళ్ళు ఆడవాళ్ళ ముచ్చట్లని నవ్వుకుని లేచిపోయారు.

జేజి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఎక్కడ విన్నావంటారు. దొంగచాటుగా నీళ్ళు కాచి, చల్లార్చి కడవలో పోసింది.

ఎదురింటి రత్తమ్మ ఆమె ప్రాణస్నేహితురాలు. ఎక్కడ బయటపెడుతుందోనని ఆ పిల్లకీ చెప్పలేదు.

మూడో రోజు రత్తమ్మ కలరాతో పోయింది.

ఆ సాయంత్రమే జేజి వాళ్ళ నాయన పొయ్యి మీద కాగుతున్న నీళ్ళు చూశాడు.

"తాగే నీళ్ళు కాగబెట్టేదేంది? ఎవురు చెప్పినారు?"

"రేడియోలో ఒకామె, నాయనా."

"నువ్వేడ ఇన్నావు?"

"చావిడి ఎనక."

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకుంది. పడలేదు. కళ్ళు తెరిచేసరికి నాయన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఇంకేం చెప్పింది ఆమె?"

మరుసటి రోజు కూతుర్ని వెంటబెట్టుకుని, నీళ్ళు కాచుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. కొందరు విన్నారు, కొందరు కసిరారు. ఆ తర్వాత ఎవరేమన్నా, రేడియో ముందు జేజిని తన పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. జేజి తర్వాత నేర్చుకున్నదంతా అక్కడే.

"ఆ పిల్లకు ముందే చెప్పుంటే బతికుండేదేమోనే" అన్నప్పుడు మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు భయమేసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

వెళ్ళిరా జేజీ. రత్తమ్మకు నీ మీద కోపం ఉండదు. ఇంక నెమ్మదిగా ఉండు.