విభూతి పెట్టిన పలక

చళ్ళకెరెలో తిప్పేస్వామి నాన్నది సైకిల్ షాపు. జాతరొస్తే సీరియల్ లైట్లు కట్టే పని కూడా ఆయనదే. ఒక్క బల్బు పోతే దండంతా ఆరిపోయేది. పోయినదాని దగ్గర చిన్న తీగముక్క తగిలించి మిగతావాటిని వెలిగించడం తిప్పేస్వామికి తొమ్మిదో ఏటే అబ్బింది. బెంగుళూరులో ఉపగ్రహాలకి కరెంటు సమకూర్చే విభాగంలో చేరి ఇరవై ఏళ్ళయినా మనిషి ఆ దండ దగ్గరే ఉండిపోయాడు. తప్పుగా అనడం లేదు లెండి, అదే ఆయన అదృష్టం.

ఉపగ్రహం రెక్క మీద ఎండని కరెంటు చేసే బిళ్ళల్నీ దండలాగే కడతారు. ఏంటెనా నీడ ఒక్క బిళ్ళ మీద పడ్డా వరసంతా నీరసపడుతుంది. ఆ బిళ్ళని తప్పించుకుని కరెంటు పోయేలా తిప్పేస్వామి మూడేళ్ళు కూర్చుని గోరంత పక్కదారి తయారుచేశాడు. అలాంటివన్నీ కలిపి రెక్క మొత్తానికి మూడువందల గ్రాముల బరువు.

విభాగం పెద్ద శ్రీకంఠయ్య రాకెట్ల వైపు నుంచి వచ్చినవాడు. గ్రాము బరువు పెరిగినా ఆయనకి నిద్రపట్టదు.

"రెండు నిమిషాల నీడకి మూడువందల గ్రాములా? తీసెయ్యవయ్యా."

"లెక్క చూపించాను కద సార్."

"కాగితం మీద ఏ లెక్కైనా కుదిరిపోతుంది. పండగ మర్నాడు డ్రాయింగ్ మీద సంతకం పెట్టేస్తాను. నీ పక్కదారి అందులో ఉండకూడదు."

తిప్పేస్వామి పక్కదారి లేకుండా కొత్త డ్రాయింగ్ గీసిపెట్టాడు.

ఆయుధపూజ నాడు మిషన్లన్నిటికీ బంతిపూలు, కుంకుమబొట్లు. పెద్దవాడు కాబట్టి విభూతి పళ్ళెం శ్రీకంఠయ్య చేతిలో ఉంది. భక్తి కాస్త ఎక్కువైందో ఏమో, బిళ్ళలు వరసగా అతికించి ఉన్న పరీక్షపలక మీద ఒకదానికి అడ్డంగా మూడు వేళ్ళతో దట్టంగా పట్టించేశాడు. వేలిముద్ర పడితేనే ఇంతెత్తున లేచే మనిషి తిప్పేస్వామి. బిళ్ళలు అతికించే సిద్దగంగమ్మ గుడ్డ తీసుకుని పరిగెత్తింది.

"ఉండక్కా, తుడవకు," అన్నాడు తిప్పేస్వామి. పలక మీదికి పెద్ద లైటు వేసి మీటరు పెద్దాయన వైపు తిప్పాడు. "మామూలుగా నలభై చూపిస్తుంది సార్. ఇప్పుడెంతుందో మీరే చూడండి."

శ్రీకంఠయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇరవై కూడా లేదే."

తిప్పేస్వామి పక్కదారి తగిలించాడు. ముల్లు లేచి నలభైకి కాస్త ఇవతల నిలబడింది.

"తియ్యి," అన్నాడు పెద్దాయన. ముల్లు పడింది. "పెట్టు." లేచింది. అలా నాలుగుసార్లు. బయట గుమ్మడికాయ కొట్టేసి, అందరూ బొరుగులు తినేస్తున్నారు.

"పాత డ్రాయింగ్ తీసుకురావయ్యా. నీ పక్కదారి ఉన్నది."

చెయ్యి కడుక్కోవాలని కూడా తోచలేదాయనకి. ఆ కాగితం ఇప్పటికీ విభాగంలోనే ఉంది. సంతకం పక్కన మూడు వేళ్ళ విభూతి.