చదివినట్టు భావించడమైనది

ఇంటికి నలుగురు వచ్చినప్పుడు "టీ ఎవరెవరికి?" అని లెక్కల మాస్టారు అడిగేవారు. ఎత్తిన చేతులు ఆయన లెక్కపెడితే, ఎత్తని చేతులు ఆయన భార్య లెక్కపెట్టేది. "కూడికలు నా వంతు, తీసివేతలు ఈవిడ వంతు" అని ఆయన నవ్వించేవారు. ఆవిడా నవ్వేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి వైపు మాత్రం మళ్ళీ తిరిగి, "మీకు వద్దనా, మిమ్మల్ని అడగలేదనా?" అనేది.

ఒక ఆఫీసు రికార్డు సెక్షన్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయిందావిడ. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ దగ్గర రెండు వింతలు కనబడేవి. ఒకటి, ఆవిడ బల్ల మీద గానీ సొరుగులో గానీ రబ్బరు ఉండేది కాదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, పొట్టి సంతకం పెట్టేది. రెండోది, "ఏకగ్రీవంగా" అన్న మాటున్న కాగితం ఏదైనా వస్తే, తెచ్చినవాణ్ణి నిలబెట్టి "ఆ గదిలో నువ్వున్నావా?" అని అడిగేది. చాదస్తం అనుకున్నారు అందరూ. అనుకోనిచ్చింది.

ఈ రెండు వింతలూ ఒకే గదిలో పుట్టాయి. చదువుకునే రోజుల్లో ఆవిడ యూనివర్సిటీ విద్యార్థి సంఘానికి కార్యదర్శి. సమావేశాల మినిట్స్ రాసే పని ఆవిడది కాబట్టి, ప్రొఫెసర్ల దగ్గర్నుంచి తోటమాలి దాకా "మినిట్సక్క" అనే పిలిచేవారు. ఉత్త రాతమనిషి కాదు. హాస్టల్ మూడో అంతస్తుకి నీళ్ళెక్కకపోతే, ఇంజనీరు గది గుమ్మం ముందు నలభై ఖాళీ బకెట్లు వరస పెట్టించి, ఆ వరస చివర తను కూర్చుంది. మధ్యాహ్నానికి నీళ్ళెక్కాయి. చూపు తక్కువైన ఒక సీనియర్‌కి పాఠాలు చదివి వినిపించడానికి ఏడాది పొడుగునా వంతులు వేసింది. తన వంతు ఒక్కరోజు తప్పలేదు. ఎవరి మధ్యనైనా మాట పట్టింపు వస్తే "అక్క పుస్తకంలో ఉందా? అయితే నిజమే" అనుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకి వీపు తనంత తానే నిటారయ్యేది.

సంఘం గది పరిపాలనా భవనం మెట్ల కింద ఉండేది. ఒక పొడుగు బల్ల, పదకొండు కుర్చీలు, ఒక ఇనప బీరువా. అధ్యక్షుడిది మైకు అక్కర్లేని గొంతు కాబట్టి అతను మైకన్న. కిటికీ పక్క కుర్చీలో కూర్చునే సైన్సు రెండో ఏడాది అమ్మాయి పిచ్చుక. మనిషీ గొంతూ రెండూ చిన్నవే.

ఆ ఏడాది సైకిళ్ళ దొంగతనాలు ఎక్కువయ్యాయి. వెనక గేటు మూసేద్దామని అధికారులు అడిగితే, సంఘం ఒప్పుకుంటూ తీర్మానం చెయ్యాల్సి వచ్చింది.

"గేటు మూస్తే లాబ్‌కొచ్చేవాళ్ళు పెద్దరోడ్డు దాటాలన్నా. ఆ మలుపులో లారీలొస్తాయి" అంది పిచ్చుక.

"లారీలకి హారనుంటుంది, మనకి చెవులుంటాయి. సైకిళ్ళకేముంది చెప్పు, పాపం" అన్నాడు మైకన్న. అందరూ నవ్వారు. మినిట్సక్క కూడా.

చేతులు లేచాయి. పిచ్చుకవి మాత్రం బల్ల మీద బోర్లా ఉండిపోయాయి. కుడి చూపుడువేలి మీద నీలం సిరా మరక.

"అక్కా, ఏకగ్రీవం అని రాసెయ్. పైవాళ్ళ దగ్గర మన మాటకి బరువుంటుంది" అన్నాడు మైకన్న. ఆవిడ చేతిలోని కలం ఒక్క క్షణం ఆగి, రాసేసింది.

బయట మెట్ల దగ్గర పిచ్చుక కలిసింది. "నేను చెయ్యెత్తలేదక్కా."

"చూశాలే. వచ్చే మీటింగులో పాత మినిట్స్ చదువుతాంగా, అప్పుడు లేచి చెప్పు. దిద్దుతాను."

"దిద్దుతావుగా?"

"నా పుస్తకంలో అబద్ధం ఉండనిస్తానా?"

రెండు వారాలకి మళ్ళీ కూర్చున్నారు. ఆ రోజు క్రీడల పోటీల గొడవ ముంచుకొచ్చింది. "పాతవి చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే. చదివినట్టు భావిద్దాం, ఏమంటారు?" అన్నాడు మైకన్న. అది ఎక్కడైనా ఉన్న పద్ధతే. చదవకుండానే చదివినట్టు అనుకుని, ఆమోదించి, ముందుకి పోవడం. పిచ్చుక ఆవిడ వైపు చూసింది. ఆవిడ తల దించుకుని రాసుకుంది: గత సమావేశపు మినిట్స్ చదివినట్టు భావించడమైనది. పుస్తకం సంతకాలకి ఒక చుట్టు తిరిగి వచ్చింది.

నెల తిరక్కుండా, పట్టపగలు, లాబ్‌కి వస్తున్న పిచ్చుక క్లాసు కుర్రాణ్ణి ఆ మలుపులోనే లారీ కొట్టేసింది. ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు.

సర్వసభ్య సమావేశంలో హాలు కిక్కిరిసిపోయింది. సైన్సు క్లాసంతా లేచి పిచ్చుకని నిలేసింది. "మా తరఫున పంపిస్తే మా గేటు మూయించి వచ్చావా?"

"నేను చెయ్యెత్తలేదు" అంది పిచ్చుక.

"అక్క పుస్తకం తియ్యండి" అన్నారెవరో. హాలంతా సద్దుమణిగింది.

మినిట్సక్క లేచి చదివింది. "ఏకగ్రీవంగా" అన్న మాట దగ్గర ఆవిడ గొంతు తడబడలేదు. తర్వాతెప్పుడో తలుచుకున్నప్పుడు అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. పిచ్చుక చేతులు రెండూ ముందు బెంచీ మీద బోర్లా పెట్టి, వాటినే చూసుకుంటూ నిలబడింది. ఆ వారం నుంచీ భోజనాల గదిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఏడాది చివర టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. మినిట్సక్క రాసిన ఒకే ఒక్క ఉత్తరం, ఈ చిరునామాలో లేరు అన్న ముద్రతో తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఆ చేతులు ఎక్కడ పడితే అక్కడ కనిపించేవి. బస్సులో అందరూ కడ్డీ పట్టుకున్నప్పుడు ఒళ్ళో ఉండిపోయిన చేతులు. పెళ్ళి ఫొటోలో ఎవరి భుజం వెనకో సగం కనపడే చేతులు. మాస్టారు ఒకసారి అడిగారు, "ఎవర్ని వెతుకుతున్నావే?" అని. కక్కలేక మింగలేక "ఎవర్నీ కాదు, అలవాటు" అంది.

నలభై ఒక్కేళ్ళు గడిచాక, అదే యూనివర్సిటీలో చదువుతున్న, ఆవిడ పెద్దక్కగారి మనవరాలు ఒక ఆదివారం పొద్దున్నే ఊడిపడింది. "అమ్మమ్మా, నన్ను సంఘానికి సెక్రటరీని చేశారు. మినిట్స్ రాయడం నేర్పు. నువ్వు అందులో పండిపోయావటగా."

"పండలేదే, కుళ్ళాను" అంది ఆవిడ. పిల్ల నవ్వింది. ఆవిడ నవ్వకపోయేసరికి ఆపేసింది. అప్పుడు చెప్పింది, మొదటిసారి, గేటూ ఏకగ్రీవమూ సర్వసభ్య సమావేశమూ. ఒక్క ముక్క మాత్రం లోపలే అట్టేపెట్టుకుంది.

"పాత పుస్తకాలు ఆ బీరువాలోనే ఉన్నాయి. వచ్చి దిద్దెయ్" అంది పిల్ల.

"నేను దిద్దితే చెల్లదు తల్లీ. సమావేశమే దిద్దాలి."

"మరి సమావేశానికే రా."

అదే గది. కుర్చీలు ప్లాస్టిక్‌వి, ఆవిడకని తెచ్చి వేసినదాంతో పద్నాలుగు. కిటికీ పక్క కుర్చీ లేదు. అక్కడ మంచినీళ్ళ డబ్బా ఉంది. అధ్యక్షురాలు చురుకైన పిల్ల, ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. గళ్ళచొక్కా వేసుకున్న కుర్రాడు మాత్రం పుస్తకం తిప్పుతూ, "ఏమనుకోకండి అమ్మమ్మగారూ, ఒక మాట" అన్నాడు.

"అడుగు బాబూ."

"నలభై ఏళ్ళనాటి సంగతి. మీకు తప్పు గుర్తుందేమో. ఆ చెయ్యెత్తనావిడ ఇక్కడ లేరు, సాక్ష్యం లేదు. రేపు ఇంకొకరొచ్చి ఇంకో మాట దిద్దమంటే?"

అడగాల్సిన మాటే. మైకన్న రోజుల్లో ఈ గదిలో ఎవరూ అడగని తరహా మాట. ఆవిడ చెయ్యి చాచి పుస్తకం తీసుకుని, "చదివినట్టు భావించడమైనది" అన్న పేజీ తెరిచింది. కింద పదకొండు సంతకాలు. ఆఖరిదైన పిచ్చుక సంతకం పక్కన వేలు పెట్టి, "ఇది వెలుతురుకి పట్టుకుని చూడు" అంది.

కుర్రాడు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పేజీ ఏటవాలుగా పట్టుకున్నాడు. "ఇక్కడ కాగితం పలచబడింది. ఎవరో చెరిపారు." కళ్ళు చికిలించాడు. "పెన్సిల్ గాట్లున్నాయి. నేను... చెయ్యి... ఎత్తలేదు."

"సంతకాలప్పుడు రాసిందది. నాకు కనపడింది, ఊరుకున్నాను. లారీ కొట్టాక, సర్వసభ్య సమావేశం రోజు పొద్దున రబ్బరు పెట్టి చెరిపాను" అంది మినిట్సక్క. "గొంతు తడబడకుండా చదవాలంటే ఆ పేజీ శుభ్రంగా ఉండాలనిపించింది."

మనవరాలి కలం ఆగిపోయింది. అమ్మమ్మ వైపు చూసిన ఆ చూపులో, నీళ్ళ కోసం బకెట్లు వరస పెట్టించిన మనిషి లేదు. అది ఆవిడకి తెలిసింది.

"దిద్దడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అంది అధ్యక్షురాలు. గళ్ళచొక్కాదే మొదట లేచింది. "అయిపోయింది కదా, ఏకగ్రీవమే. రాసెయ్ సెక్రటరీ" అంది అధ్యక్షురాలు.

"కాదు" అంది మనవరాలు. "నేనెత్తలేదు. మా అమ్మమ్మ సంగతి, నేను ఓటెయ్యకూడదు. అనుకూలం పన్నెండు, తటస్థం ఒకటి." రాసింది. కలం ఎక్కడా ఆగకుండా, ఒక్క నిమిషంలో. ఇంత తేలికైన పనా అని ఆవిడ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఇది వచ్చే మీటింగులో చదివినట్టు..." అధ్యక్షురాలు మొదలుపెట్టింది.

"వద్దు తల్లీ, ఇప్పుడే చదివించు" అంది ఆవిడ.

పిల్ల లేచి చదివింది. ఫలానా తేదీ తీర్మానంలో ఏకగ్రీవంగా అన్న మాట నిజం కాదని, సైన్సు రెండో ఏడాది ప్రతినిధి చెయ్యెత్తలేదని, ఆమె స్వయంగా రాసుకున్న మాటని అప్పటి కార్యదర్శి చెరిపివేసిందని. చదివి కూర్చోబోయింది.

ఆవిడ కళ్ళు మంచినీళ్ళ డబ్బా వైపున్నాయి.

"ఇంకొక్కసారి" అంది. "కొంచెం పెద్దగా. కిటికీ దాకా వినపడాలి."