తొడ కొట్టకూడని బరి

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరిచిన ఏడాది, గల్ఫ్‌లో, మనామాలోని ఒక భారతీయ పాఠశాలలో నన్ను సీనియర్ పీఈటీగా వేశారు. పీఈటీ అంటే వ్యాయామ ఉపాధ్యాయిని. సీనియర్ అంటే జీతం అంతే, తిట్లు అదనం. భీమవరం వైపు కబడ్డీ ఆడి పెరిగిన నాకు ప్రిన్సిపాల్ అప్పగించిన మొదటి పని, సూమో క్లబ్బు!

నేర్పేది హిరోషి గారు, ఊరి పక్కన సిత్రా రిఫైనరీలో కాంట్రాక్టు ఇంజనీరు. ఆయన జపానులో చిన్న తరగతుల్లోనే, బడి బరిలో సూమో మొదలుపెట్టారట. శనివారం పొద్దున మా హాల్లో మ్యాట్ల మీద తాడు గుండ్రంగా కుట్టి బరి చేశాం. నియమాలు తేలికే. ఎదుటివాళ్లను తాడు అవతలికి నెట్టాలి, లేదా పాదాలు తప్ప ఒంట్లో ఇంకేదైనా నేలకు తగిలేలా చేయాలి. కానీ చాలా వారాలు నెట్టుడే లేదు. కాళ్లు ఎడంగా పెట్టి, ఒక్కో కాలూ ఎత్తి దబ్బున నేలకు వేయడం, దాన్ని షికో అంటారు. ఆ తర్వాత పాదం నేల విడవకుండా జరగడం. "మేడమ్, ఇంకెప్పుడు కొట్టుకుంటాం?" అని పిల్లలు నా ప్రాణం తీసేవారు.

వాళ్లలో తొమ్మిదో తరగతి జెస్సీ ఒకతి. బొద్దుగా ఉందని తోటివాళ్లు ఏడిపిస్తే పీటీ పిరియడ్ ఎగ్గొట్టి లైబ్రరీలో దాక్కునే పిల్ల, సూమోకి మాత్రం అందరికన్నా ముందొచ్చేది. నాకెంత సంతోషమో! వాళ్లమ్మ మేరీ గారు కాకినాడ మనిషి, హూరాలో ఒక క్లినిక్‌లో నర్సు. ఆవిడకి ఇది బొత్తిగా ఇష్టం లేదు. "ఆడపిల్లకి కుస్తీ ఏంటండీ మేడం గారూ? ఇప్పటికే అన్నీ ఎదురు మాటలు. ఇది కూడా నేర్పితే ఇంకెవరి మాటైనా వింటదా?" అన్నారు. చివరికి బడిలో జరిగే ప్రదర్శన చూసి తేలుస్తానన్నారు. నచ్చకపోతే ఖలాస్, జెస్సీ మానేయాలి.

ప్రదర్శనలో జెస్సీకి ఎదురు అంజు అనే పొడవాటి మలయాళీ పిల్ల. ట్రాక్ ప్యాంటు మీద కట్టిన దళసరి పట్టీ దొరకబుచ్చుకుని అంజు మా పిల్లని తాడు దాకా ఈడ్చింది. జెస్సీ నడుం కిందికి దించి, పాదాలు నేల విడవకుండా, మెల్లగా తిరిగి నెట్టి అంజును తాడు దాటించింది. హాలు దద్దరిల్లింది.

అక్కడే కొంప మునిగింది. జెస్సీ ఫటేలుమని తొడ కొట్టింది. అది శనివారాలు సూమో అయ్యాక నేను ఆడించే కబడ్డీలో అబ్బిన అలవాటు. సూమోలో గెలిచినవాళ్లు సంబరం చూపకూడదు. తమ చోటికి వెళ్లి వంగి నమస్కరించాకే గెలుపు చెబుతారు. అంజు అప్పటికే తన చోట వంగి నిలబడింది. రెఫరీగా ఉన్న హిరోషి గారు చెయ్యి ఎత్తకుండా ఊరుకున్నారు. మా పిల్ల ఇంకా చప్పట్ల లోకంలోనే ఉంది.

నేను నోరు తెరిచేలోపే మేరీ గారు కుర్చీ నెట్టుకుని లేచారు. "ఏయ్ జెస్సీ! ఓడిన పిల్ల వంగి నిలబడితే నువ్వు తొడలు కొడతన్నావా? ఎనక్కెళ్లి వందనం చెయ్యి!"

జెస్సీ ముఖం ఎర్రబడింది. వెనక్కి నడిచి, నడుం దాకా వంగింది. అప్పుడు హిరోషి గారు ఆమె వైపు చెయ్యి చాపి గెలుపు చెప్పారు.

తర్వాత నేను సంజాయిషీ చెప్పుకుందామని వెళితే మేరీ గారు నన్ను మాట్లాడనివ్వలేదు. "ఇంట్లో నేనరిస్తే తలుపేసుకుంటదండీ. ఇక్కడ ఎలా వంగిందో చూశారా! వచ్చే శనివారం ఎన్నింటికి పంపమంటారు?"

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ కొత్త ఆట మొదలుపెట్టినా తల్లిదండ్రులకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. మొదటి రోజే వాళ్లకు బరి పక్కన కుర్చీలు వేయించేదాన్ని.