కండువా కప్పుకోని కౌన్సిలర్

మొన్న మధ్యాహ్నం నా భార్య చనిపోయింది. గుండెపోటు. ఆ రోజు పొద్దున అల్ వక్రాలోని మా ఫ్లాట్‌లో ఇద్దరం టీ తాగాం. నేను డ్యూటీకి వెళ్ళాను. ఆమె బట్టలు ఆరేస్తూ, ఊరి నుంచి వచ్చిన ఫోన్‌లో నల్లా నీళ్ళ గురించి మాట్లాడిందట. తర్వాత ఛాతీలో పట్టేసినట్టుందని పక్కింటామెకు చెప్పింది. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

దోహాలో ఈ సంతాప సభకు వచ్చిన మీకు ఆమె నా దగ్గరికి వచ్చిపోయే మనిషిగానే తెలుసు. ఉత్తర తెలంగాణలోని మా చిన్న మున్సిపాలిటీలో ఆమె రెండుసార్లు ఇండిపెండెంట్ కౌన్సిలర్.

మొదటిసారి కత్తెర గుర్తు వచ్చింది. పార్టీ టికెట్ మీద ఎదురు నిలబడింది మా పెద్దనాన్న కొడుకే. చౌరస్తాలో మైకు పట్టుకొని, "కత్తెరకు ఓటేస్తే మీ పింఛన్లు కత్తిరిస్తది" అన్నాడు. గుంపులోంచి ఆమె అరిచింది: "ముందుగాల నీ నాలుక కత్తిరిస్త బావా, పింఛన్ల సంగతి తర్వాత సూద్దాం!" అందరికంటే ముందు ఆయనే నవ్వాడట.

గెలిచిన రోజు నాకు ఫోన్ చేసింది. "నన్ను క్యాంప్‌కు రమ్మంటున్నరు."

అప్పుడు నేను ఇక్కడే బిర్కత్ అల్ అవామిర్‌లో, కార్మికులుండే కంపెనీ క్యాంప్‌లో ఉండేవాణ్ణి. నాకు తెలిసిన క్యాంప్ అదొక్కటే.

"రూంల ఎంతమంది? పై బెడ్ ఇస్తే తీసుకోకు" అన్నాను.

అవతల నవ్వు ఆగలేదు. "మీ క్యాంప్ కాదండీ. చైర్మన్ ఎన్నిక దాక గెలిచినోళ్ళను రిసార్ట్‌ల దాస్తరు. ఫోన్లు గూడ గుంజుకుంటరట."

"పోతవా?"

"ఇంటికి ఒక్కరు క్యాంప్‌ల ఉన్నది సాలదా?"

వెళ్ళలేదు. రెండు పార్టీలకూ కోపం వచ్చింది. ఆ కోపం వార్డు పనుల మీద పడింది. ఒక్క మురుగు మోరీ మంజూరు కోసం మున్సిపల్ ఆఫీసు బెంచీ మీదే టిఫిన్ డబ్బా విప్పి అన్నం తినేది. "పనైతదో కాదో గని, నేనొచ్చిన్నని అందరికి ఎరుకైతది" అనేది.

తమ పార్టీ కండువా కప్పుకోమని ఇద్దరూ చాలాసార్లు అడిగారు. ఓసారి నేనూ అడిగాను, పనులు తొందరగా అవుతాయి కదా అని. "కప్పుకుంటే ఆ రంగోళ్ళే మన గడప తొక్కుతరు. మిగిలినోళ్ళు ఎక్కడికి వోవాలె?" అంది. మళ్ళీ అడగలేదు.

నిన్న మా అన్న, అదే ఆ పెద్దనాన్న కొడుకు, ఫోన్ చేశాడు. ఏడ్చాడు. అది నిజమైన ఏడుపే. తర్వాత అన్నాడు: "తమ్మీ, ఇప్పుడన్నా మా కండువా కప్పనియ్యి. మా పార్టీ పెద్ద సార్ వస్తడు. ఇజ్జత్‌గ సాగనంపుదాం. వార్డుకు నీళ్ళ ట్యాంక్ గూడ సాంక్షన్ చేయిస్తం."

వెంటనే కాదనలేకపోయాను. ఆ ట్యాంక్ కోసం ఆమె ఎన్ని ఆఫీసులు తిరిగిందో నాకు తెలుసు. చివరిగా ఫోన్‌లో మాట్లాడింది కూడా ఆ నీళ్ళ గురించే. కానీ ఆమె గడప ఇవాళ కూడా అందరిదీ. దాన్ని ఒక రంగుకు ఇచ్చే హక్కు నాకు లేదు.

కాగితాలన్నీ పూర్తయ్యాయి. రేపు పొద్దున శంషాబాద్‌లో దిగి, ఆమె ఉన్న పెట్టె వెంట ఇంటికి వెళ్తాను. మా అన్న కండువా పట్టుకొని వస్తాడు. దాన్ని తీసుకొని, మడిచి, ఆయన చేతిలోనే పెడతాను. పాడెకు ముందు వైపు భుజం పట్టమని ఆయననే అడుగుతాను.