నెలకు ముప్పావుగంట

మా మేనత్త నా మాట నమ్మి నీళ్ల బిందెలు బోర్లించేసింది. ఇదంతా రాయడానికి అదొక్కటే కారణం.

అత్తది ఉద్దానంలో ఒక పల్లె. పలాస నుంచి ఆటోలో గంటలోపే వెళ్లిపోవచ్చు. మా వైపు కిడ్నీ జబ్బు అడుగుపెట్టని వీధి దాదాపు ఉండదు. ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ బోరు నీళ్లంటే మాత్రం అందరికీ భయం. అత్తకి కూడా ఆ జబ్బు మొదలైంది. మందులు మానొద్దని, శుద్ధి చేసిన ప్లాంటు నీళ్లే తాగమని, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోమని డాక్టరు చెప్పాడు. ఊళ్లో ప్లాంటు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచేవారు. తాళం తీసే మనిషి రాకపోతే అదీ లేదు. అందుకని అత్త ఎప్పుడూ నాలుగు బిందెలు నింపి, మూతి గుడ్డలు కట్టి, వంటింట్లో చెక్కబల్ల మీద వరసగా పెట్టుకునేది.

నాది పలాసలో చిన్న ఆఫీసు. జీడిపప్పు వ్యాపారులకి సాఫ్ట్‌వేర్ రాసి పెడుతుంటాను. ప్లాంటు కమిటీ వాళ్లు నన్ను పిలిచి, మనిషి కూర్చోనక్కర్లేకుండా ఏదైనా చేయమన్నారు. కార్డుల పద్ధతి పెట్టాను. కార్డు తాకిస్తే గోడకున్న పెట్టె దూరాన ఉన్న కంప్యూటరుని అడుగుతుంది, అది సరేనంటే కుళాయి తెరుచుకుంటుంది. ఆ కంప్యూటరు మనది కాదు. పెద్ద కంపెనీ తన పెద్ద యంత్రంలో కొంత భాగం విడదీసి అద్దెకిస్తుంది. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. అది ముంబైలో ఉందని చెబితే అత్త నవ్వు ఆపుకోలేకపోయింది.

"మన ఊరి నీళ్ల తాళం అట్టుకెళ్లి బొంబాయిలో ఎట్టినావేటి?" అంది.

ఆ నవ్వుకి నాకు కొంచెం రోషం వచ్చింది. కంపెనీ ఒప్పందం నేను ఊరికే సంతకం పెట్టి వదిలేసే రకం కాదు, పేజీ పేజీ చదివాను. ఒక్క మెషీన్ మంచి డిస్కుతో తీసుకుంటే నెలలో తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది శాతం సమయం అందుబాటులో ఉంటుందని వాళ్ల హామీ. లెక్క కడితే ఆగిపోగలిగేది నెలంతా కలిపి నలభై మూడు నిమిషాలు. రెండు మెషీన్లు తీసుకుని, వేరువేరు కరెంటు ఉన్న వేరువేరు భవనాల్లో పెడితే అది నాలుగు నిమిషాలకి తగ్గుతుంది. ఒక ఊరి కుళాయికి ఒకటి చాలనుకున్నాను. శాతాలు అత్తకి ఏం తెలుస్తాయని, నెలకు ముప్పావుగంట మించి ఆగదని చెప్పాను. ఏది ఆగదో విడమరచి చెప్పలేదు. ఒప్పందం మాట ఇచ్చింది మెషీన్ గురించి. నేను దాన్ని తీసుకెళ్లి నీళ్ల గురించి ఇచ్చేశాను.

కార్డు లేకుండా పట్టుకుపోతున్నారని గోడ పక్కనున్న చేతి కుళాయి కూడా నేనే పీకించేశాను. ఆ వారంలోనే అత్త మూడు బిందెలు బోర్లించి అటక మీద పెట్టించింది. వాడకానికి ఒకటే మిగిలింది. మా మేనల్లుడు పెట్టిన మిషను, అర్ధరాత్రయినా నీళ్లిస్తుందని వీధిలో అందరికీ చెప్పుకునేది. వినడానికి నాకూ బాగానే ఉండేది.

జీడి కోతల రోజుల్లో ఒక శనివారం. మావయ్య కాపలాకని తోటలో ఉన్నాడు, సోమవారం దాకా రాడు. నేను టెక్కలిలో ఒక కాలేజీలో రెండు రోజుల శిక్షణ తరగతులు చెబుతున్నాను. పాఠం సరిగ్గా ఇదే: ఇలా యంత్రాలు అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీలు దేనికి హామీ ఇస్తాయి, దేనికి ఇవ్వవు. మెషీన్ ఆగితే మన నష్టం కట్టివ్వరని, మనం గడువులోగా అడిగితే అద్దెలో కొంత తగ్గిస్తారని, అంతేనని చెబుతున్నాను. మన ప్రోగ్రాం తప్పులు వాళ్ల లెక్కలోకి రావని కూడా చెప్పాను. ఆ మాట నా నోటితోనే చెప్పాను. అంతలో అత్త ఫోన్ చేసింది, నీళ్లు రావడం లేదని.

ఫోన్లోనే చూశాను. మెషీన్ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. మెషీన్ బాగానే ఉందత్తా, మీ దగ్గర కరెంటు పోయుంటుంది, కాసేపట్లో వచ్చేస్తుందన్నాను.

"బల్బు ఎలుగుతంది గదా అల్లుడా," అంది అత్త.

గట్టిగా అనలేదు. నాకు తెలియనిది తనకెలా తెలుస్తుందన్నట్టు, కొంచెం సందేహంగా అంది. అయితే పెట్టె లోపల ఫ్యూజు పోయుంటుందని చెప్పి పెట్టేశాను. అరవైమంది పిల్లల ముందు నిలబడి ఉన్నాను, విసుగొచ్చింది. సాయంత్రం కమిటీ పెద్ద ఫోన్ చేస్తే ఆయనకీ అదే ఆకుపచ్చ చుక్క సంగతి వినిపించాను. ఊళ్లో వాళ్లు పలాస నుంచి క్యాన్లు తెప్పించుకున్నారు. కుదరనివాళ్లు బోరు నీళ్లు తాగారు.

ఆదివారం మధ్యాహ్నం అత్త పక్కింటావిడ ఫోన్ చేసింది. అత్త వాకిట్లో పడిపోయిందని, పలాస ఆసుపత్రికి తీసుకొస్తున్నారని.

టెక్కలి నుంచి పలాసకి బస్సులో వస్తూ ల్యాప్‌టాప్ తెరిచాను. పది నిమిషాలు పట్టింది తప్పు దొరకడానికి. నా ప్రోగ్రాం కార్డు తాకిన ప్రతిసారీ ఏవో నాలుగు వాక్యాలు డిస్కులో రాసుకుంటుంది. పాతవి చెరిపే ఏర్పాటు నేను పెట్టలేదు. డిస్కు నిండిపోయింది, ప్రోగ్రాం నోరు మూసుకుంది. మెషీన్ మాత్రం నిక్షేపంగా ఉంది. పిలిస్తే పలుకుతోంది, చుక్క పచ్చగా ఉంది. పాతవి చెరిపి ప్రోగ్రాం మళ్లీ మొదలుపెడితే ఊళ్లో నీళ్లు వచ్చేశాయి. ఆ పది నిమిషాలు శనివారం పొద్దున కూడా నా దగ్గర ఉన్నాయి. అది తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

ఆసుపత్రిలో అత్తకి సెలైన్ పెట్టారు. పెదాలు ఎండి తెల్లగా అయిపోయాయి. ఉన్న ఒక్క బిందె శనివారం ఉదయానికే అయిపోయిందట. బోరు నీళ్లు ముట్టుకోలేదు, భయం. పక్కింటావిడ దగ్గర క్యాను ఉంది. అత్త అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ పక్కింటావిడే నాతో చెప్పింది. మా మేనల్లుడి మిషను అని అంతకాలం చెప్పుకుని, చెంబు పట్టుకుని ఒకరి గుమ్మంలోకి వెళ్తే మేనల్లుడి మాట పోతుందనుకుందట. కార్డు పట్టుకుని ప్లాంటుకి ఎండలో ఎన్నిసార్లు తిరిగిందో ఆవిడకి గుర్తులేదు.

నేను మంచం పక్కన కూర్చుంటే అత్త కళ్లు తెరిచింది.

"ముప్పావుగంటన్నావు గదా. ఇప్పుడొత్తాది, ఇప్పుడొత్తాది అని సూసినాను," అంది.

ఏడ్చాను. పక్క మంచాల వాళ్లు చూస్తున్నా ఏడ్చాను.

అత్త బతికింది. కానీ కిడ్నీలు ముందున్న స్థితికి మళ్లీ రాలేదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తుంది. ఇది ఎప్పటికైనా వచ్చేదేనని, ఆ రెండు రోజుల వల్లేనని చెప్పలేమని డాక్టరు అన్నాడు. మంచి మనిషి, నా ముఖం చూసి అన్నాడేమో తెలియదు.

నెలాఖరుకి కంపెనీ పేజీ తెరిచి చూశాను. ఆ నెల మా మెషీన్ నూరు శాతం అందుబాటులో ఉంది. ఒక్క నిమిషం కూడా ఆగలేదు. వాళ్లు ఒప్పందంలో ఏం రాశారో అది అక్షరాలా నిలబెట్టుకున్నారు. నేను ఎవరిని తిట్టుకోను?

తర్వాత చేయాల్సినవి చేశాను. పీకించిన చేతి కుళాయి మళ్లీ పెట్టించి, దాని తాళంచెవి పక్కింటావిడ దగ్గర ఉంచాను. ప్రోగ్రాం బాగుచేశాను. ఇంకో భవనంలో రెండో మెషీన్ కూడా తీసుకున్నాను. మొన్న డయాలసిస్ అయ్యాక అత్తని ఇంటికి దింపి, అటక మీది బిందెలు దించి కడుగుతూ ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు మెషీన్లు రెండత్తా, రెండూ కలిపితే నెలకు నాలుగు నిమిషాలే అంటుండగా అత్త చెయ్యి ఎత్తి ఆపింది.

"ఎన్ని నిమిసాలో నాకొద్దు అల్లుడా. ఆగిపోనాదని నాను సెప్తే నమ్ముతావా, నమ్మవా? అది సెప్పు."

నమ్ముతానన్నాను. నేను నాలుగు బిందెలూ ప్లాంటుకి తీసుకెళ్లి నింపి తెచ్చి, మూతి గుడ్డలు కట్టి, బల్ల మీద వరసగా పెట్టాను.